ముద్ద వద్దంటోందా? బిడ్డ మాట వినండి

సోమవారం ఓపీ అంటే మా పిల్లల విభాగం ముందు జాతరే. జ్వరాలు, దగ్గులు, విరేచనాలు చూసుకుంటూ పోతుంటే మధ్యాహ్నం 12 దాటాక ఒక కుటుంబం వచ్చి కూర్చుంది. అమ్మ, నాన్న, నానమ్మ. అమ్మ ఒళ్లో 10 నెలల పాప. నాన్న చేతిలో ఫోన్, అందులో పిల్లల పాటలు. నానమ్మ సంచిలోంచి ఒక పాలసీసా తీసి బల్ల మీద పెట్టారు. దాని పీక చివర రంధ్రాన్ని కత్తెరతో పెద్దది చేశారు. మిక్సీలో తిప్పిన పప్పన్నం అందులోంచి దిగాలి కదా!

"ఏం పెట్టినా నోరు బిగించేస్తుంది డాక్టరమ్మా. ఒకరం చేతులు పట్టుకుంటే ఒకరం పోస్తున్నాం. పోసినదాంట్లో సగం కక్కేస్తుంది. ఆకలి పుట్టే మందేదైనా రాయండి" అన్నారు నానమ్మ.

తల్లి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి తల వంచుకునే, "నాకే పెట్టడం రావట్లేదేమో మేడమ్" అంది.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు 14 ఏళ్ల కిందటి మా ఇల్లు గుర్తొస్తుంది. అప్పటికే పిల్లల వైద్యంలో ఎండీ పూర్తిచేశాను. బిడ్డకు ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో వార్డులో తల్లులకు రోజూ చెప్పేదాన్ని. మా అమ్మాయికి 8 నెలలు. డ్యూటీ నుంచి రాత్రి ఇంటికి చేరేసరికి పాప నిద్రకు జోగుతుండేది. పడుకునేలోపు గిన్నె ఖాళీ చేయించాలని నా తొందర. తల తిప్పుకుంటే గడ్డం పట్టుకుని ఇటు తిప్పేదాన్ని. ఏడవడానికి నోరు తెరిస్తే ఆ సందులో స్పూను పెట్టేసేదాన్ని. రెండు వారాలు తిరిగేసరికి గిన్నె చప్పుడు వింటేనే ఏడుపు లంకించుకునేది. ఒక రాత్రి ఉక్కిరిబిక్కిరై ముఖమంతా కందిపోయింది. భయపడి గిన్నె పక్కన పెట్టేశాను.

మర్నాడు మా అత్తయ్య చాప మీద కూర్చుని పప్పన్నం తింటుంటే, పాప పాక్కుంటూ వెళ్లి ఆవిడ కంచంలో చేయి పెట్టింది. నాలుగు మెతుకులు నోట్లోకి పోయాయి, మిగతావి జుట్టుకూ గౌనుకూ అంటాయి. అత్తయ్య తినమని అనలేదు, వద్దనీ అనలేదు. తన భోజనం తాను చేస్తూ ఉన్నారు. నేను చదువుకున్నదంతా నాకు ఆ రోజే సరిగ్గా అర్థమైంది.

ఈ వారం చెప్పదలచుకున్నది ఇదే. ముద్ద తినని బిడ్డ మనల్ని సతాయించడం లేదు. ఇంకా నేర్చుకోలేదనో, భయపడిందనో, ఒంట్లో బాగోలేదనో తనకు చేతనైన పద్ధతిలో చెబుతోంది. ఆ మూడింటిలో ఏదన్నది కనిపెట్టడం పెద్దవాళ్ల పని. బలవంతంగా నోరు తెరిచి పోసేస్తే గిన్నె ఖాళీ అవుతుంది గానీ, అసలు కారణం మన కంటబడదు.

ఇంకా నేర్చుకోలేదు

పాలు తాగడం బిడ్డకు పుట్టుకతో వస్తుంది. నమలడం నేర్చుకోవాలి. పాలు చప్పరించడానికి నాలుక ముందుకూ వెనక్కూ కదిలితే చాలు. ముద్ద తినాలంటే నాలుక దాన్ని పక్కకు తోయాలి, చిగుళ్లు నలపాలి, మళ్లీ మధ్యకు చేర్చి గొంతులోకి పంపాలి. మొదటి రోజుల్లో బిడ్డ పెట్టినదల్లా నాలుకతో బయటికి నెట్టేస్తుంది. రుచి నచ్చక ఉమ్మేస్తోందని మనం అనుకుంటాం. గొంతులోకి పాలు తప్ప మరేదీ పోకుండా పసివాళ్లను కాపాడేందుకు ప్రకృతి ఇచ్చిన స్పందన అది. మామూలుగా 6 నెలలకు తగ్గిపోతుంది, కొందరిలో ఇంకొన్ని వారాలు పడుతుంది.

అందుకే 6 నెలలు నిండాక, అంటే 180 రోజుల తర్వాత మొదలుపెట్టమంటాం. మెడ నిలవాలి, ఆసరాతో కూర్చోవాలి, మన చేతిలోది చూసి చేయి చాపాలి. చాలా ఇళ్లలో ఆడపిల్లకు ఐదో నెలలోనే అన్నప్రాశన చేసే ఆనవాయితీ ఉంది. వేడుక చేసుకోండి, పరమాన్నం పెదవికి తాకించండి. రోజూ పెట్టడం మాత్రం 6 నెలలు నిండాకే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు లెక్క వేరుగా ఉంటుంది, మీ డాక్టర్‌ని అడగండి.

ఓకరింత చూసి చాలామంది బెదిరిపోతారు. 6, 7 నెలల్లో నాలుక ముందు భాగానికి ముద్ద తగిలినా ఓకరింత వస్తుంది. తింటూ అలవాటుపడే కొద్దీ అది వెనక్కి జరుగుతుంది. ఓకరింత వచ్చినప్పుడు బిడ్డ దగ్గుతుంది, చప్పుడు చేస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, తనే సర్దుకుంటుంది. వేలు పెట్టి తీయబోవద్దు. గొంతుకు నిజంగా అడ్డం పడితే చప్పుడుండదు. ఏడుపు రాదు, దగ్గు రాదు, పెదాలు నీలమవుతాయి. ఏడాదిలోపు బిడ్డనైతే వెంటనే ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి, భుజాల మధ్య వీపు మీద అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము మధ్య ఎముక మీద 5 సార్లు నొక్కాలి. అడ్డం పడింది బయటికి వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూనే ఉండాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి ఉండాలి. వేరుశెనగ గింజలు, ద్రాక్షపండ్లు, పచ్చి క్యారట్ ముక్కలు, చెగోడీలు, పాప్‌కార్న్ చిన్నపిల్లల చేతికి అందనివ్వకండి. వేరుశెనగలు వేయించి మెత్తగా పొడి చేసి అన్నంలోనో జావలోనో కలిపితే మంచిదే. గింజ రూపంలో మాత్రం 5 ఏళ్లదాకా వద్దు.

రుచి సంగతికొస్తే, ఒకటి రెండుసార్లు ఉమ్మగానే 'మా పాపకు గుమ్మడికాయ పడదు' అని తీర్మానించేస్తాం. బిడ్డ ఒక కొత్త రుచికి అలవాటుపడటానికి 8 నుంచి 10 సార్లు పట్టవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. రెండో రోజే మానేసిన కూర బిడ్డకు నచ్చదని చెప్పలేం. రెండు స్పూన్లతో మళ్లీ మళ్లీ పెట్టి చూడాలి.

మిక్సీకి ఓ సెలవు

మధ్యతరగతి ఇళ్లలో నేను ఎక్కువగా చూస్తున్న పొరపాటు మిక్సీ. బిడ్డ ఓకరిస్తోందని ఇంకా మెత్తగా తిప్పుతాం, ఇంకొన్ని నీళ్లు పోస్తాం. చివరికి సీసాలో పోస్తాం. నెలలు గడుస్తాయి, బిడ్డకు పలుకు తగిలే అవకాశమే రాదు. నమలడం నేర్చుకోవడానికి అనువైన ఒక కాలం ఉంటుందని, అది దాటితే నేర్పడం కష్టమవుతుందని బ్రిటన్‌కు చెందిన ఇల్లింగ్‌వర్త్, లిస్టర్ అనే వైద్యులు 1964లోనే రాశారు. ఇంగ్లండ్‌లోని ఏవన్ ప్రాంతంలో వేలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2009లో దానికి బలం చేకూర్చింది. 9 నెలలు దాటాక గానీ పలుకున్న ఆహారం రుచి చూడని పిల్లలు, 7 ఏళ్ల వయసులో కూరగాయలు, పండ్లు తక్కువ తింటున్నారని, తిండి దగ్గర పేచీలు ఎక్కువగా ఉన్నాయని తేలింది.

కాబట్టి మొదటి కొద్దిరోజులు మెత్తటి గుజ్జు పెట్టినా, ఆ తర్వాత మిక్సీని పక్కన పెట్టి పప్పుగుత్తి అందుకోండి. ఏడో నెలలో చేత్తో మెదిపిన పప్పన్నం, 8 నెలలకు చిన్న పలుకులు, 9 నెలలు వచ్చేసరికి వేళ్లతో పట్టుకుని తినే మెత్తటి ముక్కలు. ఉడికించిన చిలగడదుంప, ఇడ్లీ ముక్క, బాగా పండిన అరటిపండు, ఉడికిన గుడ్డు ఇందుకు పనికొస్తాయి. 'పళ్లు రాలేదుగా' అని ఆగనక్కర్లేదు. మెత్తటి ముద్దను నలిపే బలం చిగుళ్లకు ఉంటుంది.

పల్చన చేయడంలో ఇంకో నష్టం ఉంది. 8 కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేది సుమారు 240 మిల్లీలీటర్లు, అంటే ఓ గ్లాసుడు. ఆ గ్లాసు పప్పుకట్టుతోనో గంజితోనో నిండిపోతే బిడ్డ తాగింది నీళ్లే. తల్లిపాలకు తోడు 6 నుంచి 8 నెలల మధ్య రోజుకు దాదాపు 200 కేలరీలు, 9 నుంచి 11 నెలల మధ్య 300 కేలరీలు ఆహారం నుంచి రావాలి. పరీక్ష తేలిక. స్పూను పక్కకు వంచితే ఆహారం జారిపోకూడదు. ఒక చెంచా నెయ్యో నూనెో కలిపితే అంతే ముద్దలో బలం పెరుగుతుంది. చిక్కటిది మింగలేకపోతోందనుకుంటే జావలో నీళ్లు పెంచకండి. మొలకెత్తించి ఆరబెట్టి వేయించిన రాగుల పిండి ఒక చెంచా, కాచిన జావ గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపి మరోసారి మరిగించండి. బలం తగ్గకుండానే జావ పల్చబడుతుంది.

కొలత విషయంలోనూ ఆశలు తగ్గించుకోవాలి. మొదట్లో పూటకు రెండు మూడు చెంచాలు, 8 నెలలకు 250 మిల్లీలీటర్ల కప్పులో సగం. రోజుకు రెండు మూడు పూటలు. 9 నెలల నుంచి మూడు నాలుగు పూటలు. ఏడాది దాటాక ముప్పావు కప్పు. చాలా ఇళ్లలో 7 నెలల బిడ్డ ముందు పెట్టే గిన్నె రెండేళ్ల బిడ్డకు సరిపోయేంత ఉంటుంది.

భయపడింది

అన్నప్రాశన నాడు పుస్తకం, పెన్ను, బంగారం, పూలు బిడ్డ ముందు పరిచి, ఏది పట్టుకుంటుందోనని ఊపిరి బిగబట్టి చూస్తాం. బలవంతంగా పెన్ను చేతిలో పెట్టం. మర్నాటి నుంచి అదే బిడ్డ అన్నం గిన్నె వైపు చేయి చాపితే 'ఛీ, మురికి' అని చేతులు పట్టేసుకుంటాం.

బలవంతపు తిండిలో మొదటి ప్రమాదం ఊపిరితిత్తులకు. కాళ్లు చాచి బిడ్డను వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో పోసే పద్ధతి ఇంకా పోలేదు. ఏడుస్తున్న బిడ్డ గొంతులో పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, న్యుమోనియాతో మా వార్డులో చేరిన పిల్లలు ఉన్నారు. రెండోది, తిండి అంటేనే భయం. ముద్ద చూడగానే ఏడ్చే బిడ్డను మొండిదంటాం. ఆ మొండితనం మనం నేర్పిందే.

ఫోన్ కూడా ఒకరకం బలవంతమే. పాట చూస్తూ నోరు తెరిచే బిడ్డకు తాను తింటున్నట్టే తెలియదు. ఆకలి, కడుపు నిండటం రెండూ గుర్తుపట్టదు. ఫోన్ ఆపగానే నోరు మూసేస్తుంది. చందమామను చూపించి గోరుముద్దలు పెట్టడం కూడా అంతే కదా అని కొందరు అడుగుతారు. ఆ రోజుల్లో అమ్మ కళ్లు బిడ్డ మీదే ఉండేవి, మాట్లాడుతూ పెట్టేది. ఇప్పుడు బిడ్డ కళ్లు తెర మీద, మన కళ్లు గిన్నె మీద.

బిడ్డ సైగలు చూస్తూ, మాట్లాడుతూ తినిపించడం వల్ల ఉపయోగం ఉందా అన్న ప్రశ్నకు జవాబు మన దగ్గరే దొరికింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లాలో 60 గ్రామాలను మూడు బృందాలుగా చేసి అధ్యయనం చేశారు. ఒక బృందంలోని తల్లులకు ఏం పెట్టాలో నేర్పారు. మరో బృందానికి దానితోపాటు బిడ్డ సైగలు గమనిస్తూ ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. మూడో బృందానికి మామూలు సేవలే అందాయి. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం, నేర్పిన రెండు బృందాల్లోనూ పిల్లలు మెరుగ్గా తిన్నారు. ఆటపాటలు, సైగలు కూడా నేర్పిన బృందంలో పిల్లల మానసిక ఎదుగుదల మెరుగ్గా ఉంది. ఖరీదైన పొడులేవీ ఇందులో లేవు. ఇంటింటికీ వెళ్లి ఓపిగ్గా చెప్పారు, అంతే.

నేను తల్లిదండ్రులకు చెప్పే నియమం తేలికైనదే. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది మీ ఇష్టం. ఎంత తినాలన్నది బిడ్డ ఇష్టం. ముందుకు వంగి నోరు తెరిస్తే ఆకలి. తల తిప్పినా, పెదాలు బిగించినా, స్పూనును తోసేసినా చాలని అర్థం. ఒక్కసారి అడిగి చూసి, కాదంటే గిన్నె తీసేయండి. పూటకు 20 నుంచి 30 నిమిషాలు మించొద్దు.

అసలు ఆకలే లేకపోవడం మరో సంగతి. అరగంట క్రితమే సీసా పాలు తాగి, మధ్యలో రెండు బిస్కెట్లు తిన్న బిడ్డకు అన్నం ఎందుకు కావాలి? పాలకూ అన్నానికీ మధ్య రెండు, రెండున్నర గంటల ఎడం ఉండాలి. తల్లిపాలు రెండేళ్లు, ఆపైనా ఇవ్వవచ్చు. ఆవు, గేదె పాలను ఏడాదిలోపు ప్రధాన ఆహారంగా ఇవ్వకూడదు. ఏడాది దాటాక కూడా రోజుకు అర లీటరు మించితే ఆకలి చస్తుంది, రక్తం తగ్గుతుంది. సీసాతో ఇన్‌ఫెక్షన్ల ముప్పూ ఉంది. పాలసీసాల ప్రకటనలనే నిషేధించిన చట్టం మన దేశంలో 1992 నుంచి ఉంది.

బరువు బెంగ

ఈ బలవంతాలన్నింటి వెనకా ఉన్నది బరువు బెంగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పట్టిక చూడండి. సగటు మగబిడ్డ పుట్టినప్పుడు 3.3 కిలోలు, 6 నెలలకు 7.9 కిలోలు, ఏడాదికి 9.6 కిలోలు. మొదటి 6 నెలల్లో 4.6 కిలోలు పెరిగినవాడు తర్వాతి 6 నెలల్లో 1.7 కిలోలే పెరుగుతాడు. ఆడపిల్లయితే 6 నెలలకు 7.3, ఏడాదికి 8.9. అన్నం మొదలుపెట్టిన రోజుల్లోనే బరువు పెరిగే వేగం సహజంగా తగ్గుతుంది. అది తెలియక 'అన్నం పెట్టినప్పటి నుంచీ పెరగడం లేదు' అని కంగారుపడి, పోయడం మొదలుపెడతాం. పక్కింటి బాబుతో పోల్చకండి. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోని గీతతో పోల్చండి. బిడ్డ తన గీత వెంట సాగుతుంటే సన్నగా ఉన్నా నిశ్చింతగా ఉండొచ్చు.

ఒంట్లో బాగోలేదు

గీత కిందికి వంగుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. మొదట చూడాల్సింది రక్తహీనత. తల్లి కడుపులో ఉండగా కూడబెట్టుకున్న ఇనుము 6 నెలలకు అయిపోతుంది. ఆ తర్వాత ఆహారం నుంచి రావాలి. ఇనుము తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి లేక తినకపోతే ఇనుము ఇంకా తగ్గుతుంది. ఈ సుడిలో చిక్కిన బిడ్డకు ఎంత మంచి వంట చేసినా లాభం ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 మంది. 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది దేశంలో నూటికి 11 మందికే. పేదరికం ఒక్కటే ఇందుకు కారణమైతే మధ్యతరగతి బిడ్డల్లో నాకు ఇంత రక్తహీనత కనిపించకూడదు.

రెండోది విటమిన్ బీ12. తల్లి పూర్తి శాకాహారి అయి, ఆమెలో బీ12 తక్కువగా ఉంటే పాలలోనూ తక్కువే ఉంటుంది. అలాంటి బిడ్డ చూడటానికి బొద్దుగానే ఉండొచ్చు. కానీ ముద్ద ముట్టదు, నవ్వు తగ్గుతుంది, వేళ్ల కణుపులు నల్లబడతాయి, వచ్చిన మెడ, కూర్చోవడం కూడా వెనక్కి పోతాయి, కొందరిలో వణుకు వస్తుంది. తినడం లేదన్న ఫిర్యాదుతోనే వీళ్లు మా దగ్గరికి వస్తారు. సమయానికి గుర్తిస్తే చికిత్స తేలిక. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

ఇవి కనిపిస్తే ఇంటి చిట్కాలతో కాలం గడపకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి:

- బరువు పెరగకపోవడం, తగ్గడం
- తినేటప్పుడు ప్రతిసారీ దగ్గు, పొలమారడం, నీలంగా మారడం, ముక్కులోంచి ఆహారం రావడం
- పదే పదే వాంతులు, వాంతిలో పచ్చదనం లేదా రక్తం
- మాటిమాటికీ న్యుమోనియా
- పాలిపోవడం, మందకొడిగా ఉండటం, వచ్చిన నడతలు వెనక్కి పోవడం
- 10 నెలలు దాటినా చిన్న పలుకు కూడా తట్టుకోలేకపోవడం
- పుట్టగానే చాలాకాలం ట్యూబు ద్వారా పాలు తాగిన పిల్లలు నోటి దగ్గరికి ఏదీ రానివ్వకపోవడం

ఆకలి మందుల గురించి ఒక మాట. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆకలి సిరప్‌లలో చాలావరకు సిప్రోహెప్టడిన్ ఉంటుంది. అది నిజానికి అలర్జీ మందు. మత్తు కలిగిస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు అసలు వాడకూడదు.

ఆ పాప సంగతి

10 నెలల పాపకు హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. ఇనుము చుక్కలు రాశాను. కానీ ఎక్కువ సమయం పట్టింది మందు రాయడానికి కాదు, ముగ్గురితో మాట్లాడటానికి.

మొదటి వారం తినిపించే ప్రయత్నమే వద్దన్నాను. సీసా తీసేసి పాలు కప్పుతో. ఫోన్ పక్కగదిలో. ఇంట్లోవాళ్లు తినేటప్పుడు పాపను నిటారుగా పక్కన కూర్చోబెట్టి, ముందు చిన్న పళ్లెంలో మెత్తటి అన్నం, అరటిపండు ముక్క పెట్టాలి. తాకినా, పారబోసినా, పూసుకున్నా ఎవరూ ఏమీ అనొద్దు. రెండో వారం అలవాటైన పప్పన్నాన్నే మిక్సీలో కాకుండా స్పూనుతో మెదిపి రెండు చెంచాలు. రుచి మారకుండా పలుకు మాత్రం కొంచెం కొంచెంగా పెంచాలి. ఆ తర్వాత గుడ్డు పచ్చసొన, తోటకూర పప్పు, ముళ్లు తీసిన చేప. గుడ్డు ఏడాది దాకా పెట్టకూడదన్నది అపోహే, 6 నెలల తర్వాత పెట్టొచ్చు. శాకాహారులైతే పప్పు, ఆకుకూరల్లో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఏడాదిలోపు ఉప్పు, చక్కెర, తేనె వద్దు. తేనెతో పసిపిల్లలకు బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

మూడో రోజే నాన్న ఫోన్ చేశారు. "ఏమీ తినట్లేదు మేడమ్, పాత పద్ధతే నయమేమో" అని. పాలు తాగుతోందా, మూత్రం వస్తోందా, ఆడుకుంటోందా అని అడిగాను. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఇంకో వారం ఓపిక పట్టమన్నాను. పదో రోజున పాప తనంతట తానే నానమ్మ చేతిలోని ఇడ్లీ లాక్కుంది. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 10.6. తిండి ఇప్పటికీ తక్కువే తింటుందని నానమ్మ ఫిర్యాదు. అయినా సీసా తీసుకురాలేదు.

ఇలాంటి కథలన్నీ రెండు నెలల్లో సుఖాంతం కావు. కొందరికి ఆరు నెలలు పడుతుంది. కొందరికి మాటలు, మింగడం నేర్పే థెరపిస్టు సాయం కావాలి. కానీ ఈ పాప 10వ నెల దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది?

ప్రభుత్వ టీకాల పట్టికలో 14 వారాల తర్వాత మళ్లీ సూది 9 నెలలకే. అన్నం మొదలుపెట్టాల్సిన ఆరో నెల సరిగ్గా ఈ ఖాళీలో పడుతోంది. బిడ్డను ఎవరూ చూడరు, తల్లిని ఎవరూ అడగరు. గృహ ఆధారిత శిశు సంరక్షణ కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల్లో ఇంటికి వచ్చి చూడాలి. వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఇనుము సిరప్ 6 నెలల నుంచి 5 ఏళ్లదాకా ఉచితంగా అందాలి. కానీ పట్టణాల్లో, అపార్ట్‌మెంట్లలో ఉండే కుటుంబాలకు ఇవి ఉన్నట్టే తెలియదు. మా తప్పూ ఉంది. కిక్కిరిసిన ఓపీలో 'మెత్తగా పెట్టండమ్మా' అని రెండు ముక్కలు చెప్పి పంపేస్తాం. మెత్తగా అంటే మిక్సీ అని తల్లి అనుకుంటే ఆ నేరం ఎవరిది? 6 నెలలు నిండగానే టీకా లేకపోయినా బిడ్డ తిండి గురించి మాట్లాడటానికే ఒక అపాయింట్‌మెంట్ ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, ప్రైవేటులోనూ. అప్పటిదాకా మీరే అడగండి. అన్నప్రాశనకు ముహూర్తం పెట్టించుకున్న వారమే పిల్లల డాక్టర్‌నీ కలవండి.

ఆ రోజు అమ్మతోపాటు నాన్న, నానమ్మ లేదా అమ్మమ్మ కూడా రండి. బిడ్డ తినకపోతే ఇంట్లో అందరి కళ్లూ తల్లి వైపే తిరుగుతాయి. 'నాకే పెట్టడం రావట్లేదేమో' అన్న మాట ఆమె నోట అలాగే వస్తుంది. పెట్టే చేతులు నాలుగైతే ఆ భారం పంచుకోవచ్చు.

ఈ రాత్రి భోజనాల వేళ ఫోన్ పక్కగదిలో పెట్టి, బిడ్డను మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు ఒక చిన్న పళ్లెం పెట్టి, మీరు తినండి. తను తినకపోయినా పరవాలేదు. రేపూ అలాగే పెట్టండి.